విమానాశ్రయ ఉపరితలంపై ఉపగ్రహ నావిగేషన్ భద్రత

విమానాశ్రయంలో నేలమీద కదిలే విమానాలు తమ స్థానాన్ని ఉపగ్రహ సంకేతాల ద్వారా తెలుసుకునేటప్పుడు ఆ సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు, అది తప్పినప్పుడు ఎలా పసిగట్టాలి అనే విషయాలను వివరించే విమానయాన శాస్త్ర విభాగమే విమానాశ్రయ ఉపరితలంపై ఉపగ్రహ నావిగేషన్ భద్రత. విమానాశ్రయ ఉపరితలం అంటే ముఖ్యంగా మూడు భాగాలు. విమానాలు లేవడానికి, దిగడానికి ఉపయోగపడేది రన్‌వే. విమానాలు నిలిపి ప్రయాణికులను ఎక్కించుకునే ఆవరణ ఏప్రన్. ఈ రెండింటినీ కలిపే దారి టాక్సీవే.

ఆకాశంలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి చక్కగా సరిపోయే ఉపగ్రహ సమాచారం, నేలమీద మెల్లగా కదిలే అదే విమానానికి సరిపోకపోవచ్చు. ఇది మొదట వింతగా తోస్తుంది. ఆకాశమార్గం కిలోమీటర్ల వెడల్పు గలది, టాక్సీవే కొద్ది మీటర్ల వెడల్పు గలది అని గుర్తిస్తే కారణం తెలుస్తుంది.

నేలమీద జరిగిన ప్రమాదాలు

విమానయాన చరిత్రలో అత్యధిక ప్రాణనష్టం కలిగించిన విమాన ప్రమాదం నేలమీదే జరిగింది. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫె ద్వీపంలో, లాస్ రోడియోస్ విమానాశ్రయాన్ని దట్టమైన పొగమంచు కమ్మి ఉండగా కె.ఎల్.ఎం. సంస్థకు చెందిన బోయింగ్ 747 విమానం అనుమతి లేకుండానే పైకి లేవడానికి పరుగు మొదలుపెట్టింది. అదే రన్‌వేపై ఎదురుగా వస్తున్న పాన్ అమ్ సంస్థ బోయింగ్ 747ను ఢీకొంది. 583 మంది మరణించారు. పాన్ అమ్ విమానం మలుపు తిరగవలసిన దారిని దాటి ముందుకు వచ్చింది. ఆ విమానాశ్రయంలో నేలపై కదలికలను చూపే రాడార్ లేదు. కంట్రోలర్‌కు విమానాలు కనబడలేదు, ఒక విమానం వారికి రెండవ విమానం కనబడలేదు. తొలి జి.పి.ఎస్. ఉపగ్రహం ఆ మరుసటి సంవత్సరం, 1978 ఫిబ్రవరిలో ప్రయోగించబడింది.

2000 అక్టోబరు 31న తైపే విమానాశ్రయంలో తుఫాను వాతావరణంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 006వ విమానం తనకు కేటాయించిన 05 ఎడమ రన్‌వేకు బదులు, నిర్మాణపు పనుల కోసం మూసివేసిన 05 కుడి రన్‌వేపై పరుగు తీసింది. అక్కడి నిర్మాణ యంత్రాలను ఢీకొనడంతో 83 మంది మరణించారు.

2001 అక్టోబరు 8న ఇటలీలోని మిలాన్ నగర లినాటె విమానాశ్రయంలో పొగమంచులో ఒక చిన్న సెస్నా జెట్ విమానం ఆర్5 అనే టాక్సీవేకు బదులు ఆర్6 అనే టాక్సీవేలో పోయి రన్‌వే మీదికి వచ్చింది. అప్పుడే పైకి లేస్తున్న స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ విమానం దానిని ఢీకొంది. 118 మంది మరణించారు. ఆ సమయంలో అక్కడి పాత నేల రాడార్‌ను తొలగించి ఉన్నారు, కొత్తది ఇంకా వాడుకలోకి రాలేదు.

2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారకముందే బయలుదేరిన కామ్‌ఎయిర్ 5191వ విమానం 22వ రన్‌వేకు బదులు, దానిలో సగం పొడవే ఉన్న 26వ రన్‌వేపై పరుగు తీసి కూలిపోయింది. విమానంలోని 50 మందిలో ఒక్కరే బతికారు.

ఈ నాలుగింటిలోనూ ఏదో ఒక విమానం తాను ఉండకూడని చోట ఉంది. లినాటె, తైపే, లెక్సింగ్టన్‌లలో తాము వేరే దారిలో ఉన్నామని పైలట్లు గ్రహించలేదు. ఇటువంటి పొరపాట్లను నివారించే ఆశతోనే ఉపగ్రహ నావిగేషన్‌ను నేలమీదికి తీసుకువచ్చారు.

ఉపగ్రహం స్థానాన్ని తెలిపే విధానం

జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలు ఉంటాయి. ఉపగ్రహం పంపిన సంకేతం ఎంత సమయంలో చేరిందో రిసీవర్ కొలిచి, దానిని కాంతి వేగంతో హెచ్చించి దూరాన్ని లెక్కకడుతుంది. మూడు దిశలలో స్థానాన్ని, రిసీవర్ గడియారంలోని తేడాను కలిపి మొత్తం నాలుగు రాశులు తెలియాలి కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. సెకనులో పది లక్షల వంతు సమయం తప్పితే దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది.

రష్యాకు చెందిన గ్లోనాస్, ఐరోపాకు చెందిన గెలీలియో, చైనాకు చెందిన బైదూ వ్యవస్థలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

ఖచ్చితత్వం, నమ్మదగినతనం

భద్రత విషయంలో ఈ రెండు మాటలకు వేర్వేరు అర్థాలు ఉన్నాయి. చూపిన స్థానం అసలు స్థానానికి సాధారణంగా ఎంత దగ్గరగా ఉంటుంది అనేది ఖచ్చితత్వం. చూపిన స్థానం పరిమితికి మించి తప్పినప్పుడు ఆ సంగతిని వ్యవస్థ తానే సకాలంలో చెప్పగలగడం నమ్మదగినతనం. విమానయాన నిపుణులు దీనిని ఇంటెగ్రిటీ అంటారు. గోడ గడియారం ఆగిపోయిందని తెలిస్తే పక్కింటివారిని సమయం అడుగుతాము. ఆగిపోయిన సంగతి తెలియక దానినే నమ్ముకుంటే రైలు తప్పిపోతుంది. రిసీవర్ పనిచేయడం మానివేస్తే వచ్చే ప్రమాదం చిన్నది. తప్పు స్థానాన్ని ధీమాగా చూపడం వలన వచ్చే ప్రమాదం పెద్దది.

2004 జనవరి 1న ఒక జి.పి.ఎస్. ఉపగ్రహంలోని గడియారం చెడిపోయింది. ఆ ఉపగ్రహాన్ని వాడరాదన్న హెచ్చరిక వెలువడేలోగా దాని సంకేతం నుండి లెక్కకట్టే దూరంలో తప్పు ఎన్నో కిలోమీటర్లకు పెరిగింది. ఇటువంటి వాటిని పసిగట్టడానికి రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది రెయిమ్ అనే పద్ధతి. నాలుగు ఉపగ్రహాలే అవసరమైన చోట ఐదవది కూడా కనబడితే, రిసీవర్ లెక్కలను ఒకదానితో ఒకటి సరిపోల్చి తేడా ఉన్నదని గుర్తిస్తుంది. ఆరవది కూడా ఉంటే తప్పు ఏ ఉపగ్రహానిదో కనిపెట్టి దానిని వదలివేయగలదు.

రెండవది ఉపగ్రహ ఆధారిత వృద్ధి వ్యవస్థ. దేశమంతటా ఖచ్చితంగా కొలిచిన స్థలాలలో నెలకొల్పిన కేంద్రాలు జి.పి.ఎస్. సంకేతాలను నిరంతరం పరిశీలిస్తాయి. సవరణలు, హెచ్చరికలు భూస్థిర ఉపగ్రహం ద్వారా విమానాలకు అందుతాయి. అమెరికాలో 2003లో వాడుకలోకి వచ్చిన వాస్, ఐరోపాలోని ఎగ్నాస్, భారతదేశపు గగన్ ఈ కోవకు చెందినవి.

గాలిలో సరిపోయేది నేలపై ఎందుకు సరిపోదు

విమానం దిగడానికి రన్‌వేను సమీపించే దశలో ఉపగ్రహ నావిగేషన్‌కు హెచ్చరిక పరిమితులు నిర్ణయించారు. సాధారణ రకపు సమీపనానికి అడ్డంగా అనుమతించే పరిమితి 0.3 నాటికల్ మైలు, అంటే 556 మీటర్లు. వృద్ధి వ్యవస్థ సహాయంతో జరిగే మెరుగైన సమీపనానికి అది 40 మీటర్లు. ఈ రెండవ రకంలో, హెచ్చరిక లేకుండా తప్పు ఈ పరిమితిని దాటే అవకాశం ఒక సమీపనంలో కోటికి రెండు పాళ్లకు మించరాదు. తప్పు మొదలైన 6 సెకన్లలోగా హెచ్చరిక అందాలి.

ఈ అంకెలను టాక్సీవేతో పోల్చి చూడవచ్చు. ఎయిర్‌బస్ ఎ320 వంటి విమానాలకు ఉద్దేశించిన టాక్సీవే వెడల్పు 15 మీటర్లు, బోయింగ్ 777 వంటి పెద్ద విమానాలకు 23 మీటర్లు. ఎ320 ప్రధాన చక్రాల బయటి అంచుల మధ్య దూరం సుమారు 9 మీటర్లు. అంటే ఆ విమానం గీత మధ్యనే నడిచినా ఇరుపక్కలా మిగిలేది మూడేసి మీటర్లు మాత్రమే. 40 మీటర్ల పరిమితి ఇక్కడ అర్థం లేనిది. సమయం సంగతి కూడా అంతే. 20 నాట్ల వేగంతో నేలపై కదిలే విమానం సెకనుకు సుమారు 10 మీటర్లు పోతుంది. 6 సెకన్ల తర్వాత హెచ్చరిక వచ్చేసరికి అది 60 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది.

అందువలన నేలపై రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. విమానం ఏ దారిలో ఉన్నది అనేది మొదటి ప్రశ్న. ఆ దారిలో చక్రాలు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయి అనేది రెండవ ప్రశ్న. తైపేలోని రెండు రన్‌వేల మధ్య దూరం సుమారు 200 మీటర్లు. అంత తేడాను సాధారణ జి.పి.ఎస్. రిసీవరు కూడా తెలుపగలదు. మొదటి ప్రశ్నకు ఉపగ్రహం ఎక్కువ సందర్భాలలో మంచి సమాధానం ఇస్తుంది. రెండవ ప్రశ్నకు మాత్రం నేటికీ పైలట్ కళ్లు, నేలపై పసుపు గీత, దీపాలే ఆధారం.

నేలపై తప్పులకు కారణాలు

ప్రతిఫలనం: టెర్మినల్ భవనాలు, హ్యాంగర్లు, పక్కన నిలిచిన విమానాల తోకలు ఉపగ్రహ సంకేతాలను అద్దంలా పరావర్తనం చేస్తాయి. నేరుగా వచ్చిన సంకేతంతో పాటు చుట్టుదారిన వచ్చినది కూడా కలవడంతో దూరం తప్పుగా లెక్కకు వస్తుంది. ఆకాశంలో ఈ బెడద చాలా తక్కువ. వృద్ధి వ్యవస్థ దీనిని సవరించలేదు. ఎందుకంటే ఈ తప్పు ఆ గోడ పక్కన ఉన్న ఆ విమానానికే పరిమితమైనది, దూరాన ఉన్న కేంద్రానికి అది కనబడదు. ఒక సమయంలో ఒక ఉపగ్రహమే తప్పుతుందనే ఊహపై సాధారణ రెయిమ్ పద్ధతి ఆధారపడింది. భవనం పక్కన ఒకేసారి రెండు మూడు సంకేతాలు తప్పవచ్చు.

ఉపగ్రహాలు మరుగున పడడం: ఎత్తయిన భవనం ఆకాశంలో ఒక భాగాన్ని కప్పివేస్తే మిగిలిన ఉపగ్రహాలన్నీ ఒకే వైపున ఉంటాయి. అప్పుడు కొలతలోని చిన్న తప్పు స్థానంలో పెద్ద తప్పుగా మారుతుంది.

తక్కువ వేగం: విమానం ఏ దిక్కుకు పోతున్నదో జి.పి.ఎస్. కదలికను బట్టి చెబుతుంది. ఆగి ఉన్న విమానం ముక్కు ఎటు ఉన్నదో ఒకే యాంటెన్నా గల రిసీవర్ చెప్పలేదు. దానికి దిక్సూచి లేదా జడత్వ నావిగేషన్ పరికరం కావాలి.

విమానం పొడవు: రిసీవర్ చూపేది యాంటెన్నా స్థానాన్ని. బోయింగ్ 777-300 ముందు చక్రానికి, ప్రధాన చక్రాలకు మధ్య దూరం 31 మీటర్ల పైమాటే. మలుపులో రథం ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు జాడలలో నడిచినట్లే విమానం ప్రధాన చక్రాలు మలుపు లోపలి వైపుకు జరుగుతాయి. రెక్కల కొసలు మరింత దూరాన ఉంటాయి. ఎ380 రెక్కల విస్తారం 79.8 మీటర్లు. యాంటెన్నా సరైన చోట ఉన్నంత మాత్రాన విమానమంతా సరైన చోట ఉన్నట్లు కాదు.

పటంలోని తప్పులు: స్థానం సరిగా ఉన్నా దానిని గుర్తించే పటం తప్పయితే ఫలితం తప్పే. ప్రపంచమంతటా ఒకే కొలమానం ఉండేందుకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1998 నుండి డబ్ల్యు.జి.ఎస్-84 అనే నిరూపక పద్ధతిని ప్రమాణంగా స్వీకరించింది. విమానయాన సమాచారం 28 రోజులకు ఒకసారి మారుతుంది. ఈలోగా ఒక టాక్సీవేను మరమ్మతుకు మూసివేస్తే పటంలో అది తెరిచినట్లే కనబడవచ్చు. తైపేలో విమానం పరుగు తీసినది మూసివేసిన రన్‌వేపై కనుక ఈ అంశం ప్రాధాన్యం కలది.

పైలట్‌కు తోడ్పడే సాధనాలు

విమానాశ్రయ పటంపై విమానం స్థానాన్ని చూపే కదిలే పటం వీటిలో ముఖ్యమైనది. ఎయిర్‌బస్ ఎ380 విమానంలో ఇది కాక్‌పిట్ తెరలలో భాగంగానే వచ్చింది. హనీవెల్ సంస్థ రూపొందించిన రాస్ అనే పరికరం జి.పి.ఎస్. స్థానాన్ని రన్‌వేల జాబితాతో పోల్చి, విమానం ఏ రన్‌వేను సమీపిస్తున్నదో, ఏ రన్‌వేపై నిలిచి ఉన్నదో మాటలలో చెబుతుంది. టాక్సీవేపై పరుగు తీయబోతే హెచ్చరిస్తుంది. లెక్సింగ్టన్ ప్రమాదం తర్వాత అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఇటువంటి పటం గాని, హెచ్చరిక పరికరం గాని విమానాలలో ఉండాలని సిఫారసు చేసింది.

ఉపగ్రహంతో సంబంధం లేని పరీక్షలు కూడా ఉండాలి. రన్‌వే సంఖ్య దాని అయస్కాంత దిశను తెలుపుతుంది. 22 అంటే సుమారు 220 డిగ్రీలు, 26 అంటే సుమారు 260 డిగ్రీలు. లెక్సింగ్టన్‌లో దిక్సూచిని ఒక్కసారి రన్‌వే సంఖ్యతో సరిచూసి ఉంటే 40 డిగ్రీల తేడా కనబడేది. తైపేలో మాత్రం రెండు రన్‌వేలూ సమాంతరమైనవే కనుక దిక్సూచి తేడాను చూపలేదు. ఒక చోట దిక్సూచి పట్టుకోగల తప్పును మరొక చోట స్థానమే పట్టుకోగలదు. అందుకే పైలట్లు ఏ ఒక్కదానితోనూ సరిపెట్టుకోరాదు.

కంట్రోలర్‌కు తోడ్పడే సాధనాలు

నేలపై కదలికలను చూడడానికి కంట్రోలర్లకు మూడు రకాల సాధనాలు ఉన్నాయి.

నేల రాడార్ తన తరంగాలు వస్తువుపై పడి తిరిగిరావడం ద్వారా దానిని గుర్తిస్తుంది. విమానంలో ఏ పరికరం లేకపోయినా కనబడుతుంది, అయితే అది ఏ విమానమో చెప్పదు.

మల్టీలేటరేషన్ పద్ధతిలో విమానం ట్రాన్స్‌పాండర్ పంపే సంకేతం వేర్వేరు స్తంభాలకు చేరే సమయాలలోని తేడాను బట్టి స్థానాన్ని లెక్కకడతారు. ఇది విమానంలోని జి.పి.ఎస్.పై ఆధారపడదు. అయితే స్తంభాల గడియారాలను కలిపేందుకు జి.పి.ఎస్. సమయాన్ని వాడితే ఆ మేరకు ఆధారం మిగులుతుంది.

ఏ.డి.ఎస్-బి పద్ధతిలో విమానం తన ఉపగ్రహ స్థానాన్ని తానే ప్రసారం చేస్తుంది. ఆ స్థానం ఎంత నాణ్యమైనదో తెలిపే సంకేతాంకాలు కూడా దానితో పాటు వస్తాయి. అమెరికాలో 2020 జనవరి 1 నుండి అధిక భాగం నియంత్రిత గగనతలంలో ఇది తప్పనిసరి. ఆ నిబంధన కోరే కనీస ఖచ్చితత్వం 0.05 నాటికల్ మైలు, అంటే 92.6 మీటర్లు. వాస్తవంలో చాలా విమానాలు ఇంతకంటే ఎంతో మెరుగైన స్థానాన్ని పంపుతాయి. కాని నిబంధన హామీ ఇచ్చేది ఆ మాత్రమే. టాక్సీవేను గుర్తించడానికి అది చాలదు.

ఈ మూడింటినీ కలిపి, దారి నిర్ణయం, దీపాలతో మార్గదర్శనం, ఘర్షణ హెచ్చరికలను జోడించిన వ్యవస్థను ఎ-ఎస్.ఎం.జి.సి.ఎస్. అంటారు. దీనిపై అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2004లో ఒక నిర్దేశిక వెలువరించింది. అందులో స్థాన నిర్ణయానికి కోరిన ఖచ్చితత్వం 7.5 మీటర్లు. మూడు సాధనాలలో ఒకటి తప్పు చెబితే మిగిలిన రెండూ దానితో విభేదిస్తాయి. ఆ విభేదమే హెచ్చరికగా ఉపయోగపడుతుంది.

పరికరం ఉన్నంత మాత్రాన సరిపోదని 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో జరిగిన ప్రమాదం తెలిపింది. రన్‌వేపై నిలిచి ఉన్న కోస్ట్ గార్డ్ విమానాన్ని, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 విమానం ఢీకొంది. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. ఎ350లోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కంట్రోలర్ తెరపై రన్‌వే ఆక్రమణను తెలిపే హెచ్చరిక సదుపాయం ఉన్నా అది ఆ సమయంలో గమనింపబడలేదు.

బుద్ధిపూర్వక, యాదృచ్ఛిక అంతరాయాలు

ఉపగ్రహ సంకేతం భూమిని చేరేసరికి అతి బలహీనమవుతుంది. దానిని అణచివేయడం సులభం. బలమైన రేడియో రొదతో సంకేతాన్ని ముంచివేయడాన్ని జామింగ్ అంటారు. అసలు సంకేతాన్ని పోలిన నకిలీ సంకేతాన్ని పంపి తప్పు స్థానాన్ని నమ్మించడాన్ని స్పూఫింగ్ అంటారు. జామింగ్‌లో స్థానం మాయమవుతుంది కనుక పైలట్‌కు తెలుస్తుంది. స్పూఫింగ్‌లో తప్పు స్థానం సరైన దానిలా కనబడుతుంది. పైన చెప్పిన నమ్మదగినతనాన్ని నేరుగా దెబ్బతీసేది ఇదే.

అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయం పక్కనే పెద్ద రహదారి పోతుంది. తమ వాహనం జాడ యజమానికి తెలియకుండా కొందరు డ్రైవర్లు వాడిన చిన్న జామర్లు, 2009 నుండి అక్కడి ఉపగ్రహ ల్యాండింగు వ్యవస్థకు చెందిన నేల రిసీవర్లకు అంతరాయం కలిగించాయి. జేబులో పట్టే పరికరం విమానాశ్రయ వ్యవస్థను కదిలించగలదని దీనితో తెలిసింది.

2023 నుండి పశ్చిమాసియా, నల్లసముద్ర, బాల్టిక్ ప్రాంతాల యుద్ధ వాతావరణంలో స్పూఫింగ్ విపరీతంగా పెరిగింది. తూర్పు మధ్యధరా సముద్రంపై ఎగురుతున్న విమానాల పరికరాలు తాము బేరూత్ విమానాశ్రయంలో ఉన్నట్లు చూపాయి. ఇటువంటి ప్రభావానికి లోనైన విమానంలో గడియారం తేదీ, భూసామీప్య హెచ్చరిక పరికరం, కదిలే పటం అన్నీ ఒకే మూలంపై ఆధారపడి ఉంటే అన్నీ కలిసి తప్పుతాయి. విమానం నేలకు దిగిన తర్వాత కూడా కొన్ని పరికరాలు కోలుకోకపోవచ్చు.

భారతదేశంలో

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి గగన్ వ్యవస్థను నిర్మించాయి. జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహాలలో దీని పరికరాలు ఉన్నాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2013 డిసెంబరులో మార్గ నావిగేషన్‌కు, 2015 ఏప్రిల్‌లో నిలువు మార్గదర్శనంతో కూడిన సమీపనానికి దీనిని ధ్రువీకరించింది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థ ఎ.టి.ఆర్. విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది.

భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా, తుంబాకు చేరువగా పోతుంది. అందువలన మన దేశంపై అయనోవరణం చంచలంగా ఉంటుంది. సూర్యాస్తమయం తర్వాత సంకేతాలు మిణుకుమిణుకుమనడం ఇక్కడ సామాన్యం. గగన్ రూపకల్పనలో ఎదురైన పెద్ద సవాలు ఇదే.

అంతరాయాల సమస్య మన దేశానికీ వచ్చింది. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ పరిసరాలలో జి.పి.ఎస్. ఆధారంగా 10వ రన్‌వేను సమీపిస్తున్న కొన్ని విమానాలు స్పూఫింగ్‌ను గమనించాయి. దీనిపై కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరులో పార్లమెంటుకు సమాధానమిస్తూ, కోల్‌కతా, అమృత్‌సర్, ముంబై, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై విమానాశ్రయాల నుండి కూడా ఉపగ్రహ సంకేతాలకు అంతరాయం కలిగిన నివేదికలు వచ్చినట్లు తెలిపారు. నేలపై నెలకొల్పిన సంప్రదాయ నావిగేషన్ సాధనాలను కనీస స్థాయిలో కొనసాగిస్తున్నట్లు కూడా చెప్పారు.

వినియోగ పరిమితులు

నేలపై ఉపగ్రహ నావిగేషన్‌ను పైలట్ అవగాహనకు తోడుగానే వాడతారు. కదిలే పటాన్ని చూస్తూ మాత్రమే విమానాన్ని నడపడానికి అనుమతి లేదు. బయట కనబడే గీతలు, సూచికలు, దీపాలే ప్రధానం. ఆగవలసిన చోట ఎర్ర దీపాల వరుస వెలుగుతుంటే, కంట్రోలర్ అనుమతి వినబడినా సరే, ఆ వరుసను దాటరాదు. కంట్రోలర్ చెప్పిన దారిని పైలట్ తిరిగి చదివి వినిపించడం, పైకి లేచే ముందు రన్‌వే సంఖ్యను, దిక్సూచిని, పటాన్ని మూడింటినీ సరిచూడడం, అనుమానం కలిగితే విమానాన్ని ఆపి అడగడం నేటికీ పాటించవలసిన నియమాలు. ఆకాశంలో విమానం ఆగలేదు. నేలమీద ఆగగలదు. పరికరాలు ఒకదానితో ఒకటి విభేదించినప్పుడు పైలట్‌కు మిగిలే అతి సురక్షితమైన మార్గం అదే.